కిటికీలో ఓడ, గుమ్మంలో కాయల్

ఓడ మా కిటికీ ముందునుంచే వెళ్లిందండీ! మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. ముందు ముక్కు వచ్చింది. తర్వాత తుప్పు చారలు దిగిన ఎర్రటి పొట్ట వచ్చింది. ఆ పొట్ట మీద పేర్చిన కంటెయినర్ల వరస మొదలైంది, ఎంతకీ అయిపోదే! ఎండ పడుతున్న గదిలోకి కాసేపు నీడ వచ్చింది. చివర్లో రెయిలింగు పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకతను చెయ్యి ఊపితే నేనూ ఊపేశాను. కాకినాడ తీరానికి దగ్గర్లోనే పుట్టి పెరిగాను గానీ, ఓడంటే నాకు ఆకాశం అంచున ఆనీ ఆనకుండా కనబడే మచ్చే. ఇక్కడ మా వీధిలో సరుకు దింపుకునే లారీ అంత దగ్గర. "ఏవండీ, లేవండి, ఓడ!" అని అరిచాను. మా ఆయన దుప్పటి తీసేలోగా అది దాటిపోయింది. "ఇంకోటి వస్తుందిలే" అని మళ్లీ అటు తిరిగి పడుకున్నారు. నిజంగానే వచ్చింది.

ఇది ఫోర్ట్ కొచ్చిలో, బ్రంటన్ బోట్‌యార్డ్ అనే హోటల్లో. దీని తర్వాత మేం వెంబనాడ్ సరస్సు (వాళ్ల మాటలో కాయల్) ఒడ్డున కుమరకంలో దిగాం. రెండింట్లో ఏది గొప్పదని ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అందరూ అడుగుతున్నారు. చెబుతాను, కాస్త ఓపిక పట్టాలి. ఇప్పటికీ నా కళ్లు మామూలు సైజుకి రాలేదు.

అసలు మేం కేరళ వెళ్లడమే చుట్టాల్లో పెద్ద నవ్వులాట అయింది. అమలాపురం నుంచి అక్కడికి వెళ్లి ఏం చూస్తారే, కొబ్బరిచెట్లా, కాలవలా అని. వాళ్లన్నదీ నిజమే మరి. మా ఆయన నీటిపారుదల శాఖలో ఏఈ. లాకులు, తూములు, షట్టర్లు ఆయన రోజువారీ తద్దినం. సెలవు పెట్టి మళ్లీ నీళ్లు చూడ్డానికే వెళ్తారా అని ఆఫీసులో ఆటపట్టించారట. పైగా అయ్యప్ప మాల వేసుకున్నప్పుడల్లా కొట్టాయం స్టేషన్లో దిగి బస్సెక్కినవారే ఆయన. ఆ స్టేషనుకు పదహారు కిలోమీటర్ల దూరంలో అవతలి ఒడ్డు కనబడని సరస్సు ఒకటి ఉందని ఏనాడూ తల తిప్పి చూడలేదు. దీక్షలో ఉన్నవాళ్లకి సరస్సులతో పనేముంది లెండి.

చీటీ ఎత్తిన డబ్బు చేతిలో ఉంది. జీవితంలో ఒక్కసారి లెక్క చూసుకోకుండా మంచి చోట ఉందాం అనుకున్నాం. ఎక్కడ అన్న దగ్గరే పేచీ వచ్చింది. ఆయనకి సరస్సు కావాలి, ఫోను మోగని చోటు కావాలి. నాకు పాత ఊరు కావాలి, నడవడానికి వీధులు కావాలి. "నీళ్లు మన పెరట్లోనే ఉన్నాయి కదండీ" అని నేను. "పాత మేడలు యానాంలో లేవా" అని ఆయన. మున్నార్, తేక్కడి కొట్టేసి ఆ డబ్బుతో రెండూ చూద్దామన్న రాజీకి వచ్చేసరికి దసరా సెలవులు దగ్గరపడ్డాయి. పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి రైలెక్కాం.

ఫోర్ట్ కొచ్చి గురించి మొదట చెప్పాల్సింది, అది నీటి అంచున ఉన్న ఊరు కాదని, నీటి నోట్లో ఉన్న ఊరని. వెంబనాడ్ సరస్సు అరేబియా సముద్రంలో కలిసే సన్నటి మార్గానికి ఒక ఒడ్డున ఫోర్ట్ కొచ్చి, ఎదుటి ఒడ్డున వైపిన్. రేవులోకి వచ్చే ప్రతి ఓడా ఆ సందులోంచే దూరాలి. మా హోటలు సరిగ్గా ఆ సందు పక్కన కూర్చుంది. పక్కనే వైపిన్‌కి పంటు రేవు. కార్లు, స్కూటర్లు, చేపల బుట్టలు, బడి పిల్లలు అన్నిటినీ ఎక్కించుకుని ఆ పంటు రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. గోదావరి మీద పంటు ఎక్కి పెరిగినదాన్ని కాబట్టి నాకది కొత్త కాదు. కానీ మన పంటుకి అడ్డంగా కంటెయినర్ ఓడ ఎప్పుడైనా వచ్చిందా? ఇక్కడ పంటు ఆగి, ఓడకు దారిచ్చి, మళ్లీ బయల్దేరుతుంది. ఇవన్నీ చూస్తుంటే నీళ్లలో నల్లగా, నున్నగా ఏదో లేచి మునిగింది. డాల్ఫిన్! ఊరి మధ్యలో, ఓడకీ పంటుకీ నడుమ! టిఫిను బల్ల దగ్గర నేను లేచి నిలబడి కేకపెడితే, వడ్డించే కుర్రాడు ఎంతో మర్యాదగా "రోజూ వస్తాయి చేచీ (అక్కా)" అన్నాడు. రోజూ వస్తాయట!

హోటలు సంగతి. నూరేళ్ల కిందట అక్కడ జార్జ్ బ్రంటన్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషువాళ్ల పడవల యార్డు ఉండేది. ఆ స్థలంలోనే, ఆ పాత పద్ధతి వరండాలతో, ఎత్తయిన పైకప్పులతో, ఎర్ర గచ్చుతో ఇప్పుడున్న భవనం లేపారు. నిద్రగన్నేరు చెట్టు ఒకటి నడి ముంగిలంతా గొడుగు పట్టి నిలబడింది. భవనం చాలావరకు కొత్తదే అని తెలిశాక మా ఆయన నన్ను ఓ చూపు చూశారు. చరిత్ర కావాలన్నావు, ఇదా చరిత్ర అన్నట్టు. ఆ చూపుకి సమాధానం కుమరకంలో దొరికింది, అక్కడికి వస్తాను.

చరిత్రకి హోటలు గోడలతో పనేముంది, గేటు దాటితే చాలు. కుడికి తిరిగి కాస్త నడిస్తే చీనా వలలు. ఫొటోల్లో చూసి చూసి ఇవి అలంకారానికి నిలబెట్టినవేమో అనుకునేదాన్ని. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, అదొక యంత్రం. దుంగలతో కట్టిన పొడుగాటి చేతులకు వల వేలాడుతుంది. వెనక తాళ్లకు పెద్ద పెద్ద బండరాళ్లు వరసగా కట్టి ఉంటాయి. నలుగురైదుగురు మనుషులు తాళ్లు లాగితే ముందు ఒక రాయి నేలకి ఆనుతుంది, తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. రాళ్ల బరువు తోడై వల నీళ్లలోంచి లేస్తుంది. చీనా నుంచి వచ్చిన పద్ధతి అంటారు. "చేచీ, ఒక చెయ్యి వేస్తారా" అని పెద్దాయన తాడు అందించాడు. వేశాను. గుప్పెడు చిన్న చేపలు, ఓ పీత, బోలెడంత గుర్రపుడెక్క వచ్చాయి. ఈ ఉప్పునీటిలో గుర్రపుడెక్క ఎలా వచ్చిందా అని అప్పుడు ఆలోచించలేదు. పొద్దున ఓడ పక్కన కూడా పచ్చటి తెప్పల్లా తేలుతూ సముద్రంలోకి పోవడం చూశాను. ఇదీ గుర్తుపెట్టుకోండి.

ఈ వీధుల్లో నడవడం ఎంత సులువో చెప్పలేను. పోర్చుగీసువాళ్లు, 1663లో వాళ్లని తరిమిన డచ్చివాళ్లు, 1795లో వాళ్ల దగ్గర లాక్కున్న ఇంగ్లీషువాళ్లు, ముగ్గురి ఊళ్లూ అరగంట నడకలో పడి ఉన్నాయి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోకి తొంగిచూస్తే నేల మీద ఇత్తడి కడ్డీల మధ్య ఒక రాయి. వాస్కో డ గామాని 1524లో ఇక్కడే పూడ్చారు, 1539లో ఎముకలు పోర్చుగల్‌కి తీసుకుపోయారు. ఏడో తరగతి సాంఘిక శాస్త్రంలో మార్కుల కోసం బట్టీపట్టిన పేరు, నా చెప్పుల ముందు! అంతకన్నా నాకు నచ్చింది ఆ చర్చి పంకాలు. పైన వరసగా వేలాడదీసిన గుడ్డల చట్రాలకు కట్టిన తాళ్లు గోడల్లోని కంతల గుండా బయటికి వెళ్తాయి. లోపల దొరలు ప్రార్థన చేసుకుంటుంటే బయట ఎండలో కూర్చున్నవాడు తాడు లాగుతుండేవాడు. ఆ కంతలే చూస్తూ నిలబడిపోయాను.

మట్టాంచేరి రాజగారి కోటకి డచ్ ప్యాలెస్ అని పేరు. కట్టించి కొచ్చి రాజుకి ఇచ్చింది పోర్చుగీసువాళ్లు, 1555లో. డచ్చివాళ్లు మరమ్మతు చేశారంతే. పేరు మాత్రం వాళ్లు కొట్టేశారు. బయటినుంచి చూస్తే తాలూకా కచేరీకి తక్కువ, తహసీల్దారు బంగళాకి ఎక్కువ. లోపలికి వెళ్లండి. రాజు పడకగదిలో గోడలన్నిటి నిండా రామాయణం. దశరథుడి పుత్రకామేష్టి దగ్గర మొదలై అయోధ్యకి తిరిగిరావడం దాకా, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో, ఖాళీ అన్నది లేకుండా గోడంతా కిక్కిరిసిన బొమ్మలు. మెడ పట్టేసింది. అయినా కదలబుద్ధి కాలేదు. మమ్మల్ని అక్కడ ఫొటోలు తీయనివ్వలేదు, అందుకే నాకు ఒక్కో గోడా ఇంకా బాగా గుర్తుంది.

కోట వెనకే యూదుల వీధి. చివర 1568 నాటి పరదేశి సినగాగ్. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి, గుడికి వెళ్లినట్టే అనిపించి హాయిగా ఉంది. కాళ్ల కింద నీలం తెలుపు పలకలు. పద్దెనిమిదో శతాబ్దంలో చైనాలోని కాంటన్ నుంచి ఓడలో తెప్పించిన చేతి చిత్రాలు, ఏ రెండూ ఒకలా ఉండవట. నేను నమ్మలేదు. వంగి, ఒక మూలనుంచి మొదలుపెట్టి, జత దొరుకుతుందేమోనని వెతికాను. కాపలాదారు నవ్వుతూ చూస్తున్నాడు. అందరూ ఇదే పని చేస్తారు కాబోలు. దొరకలేదు. ఆ వీధిలో యూదులు ఇప్పుడు దాదాపు లేరు, ఇజ్రాయెల్ ఏర్పడ్డాక వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లలో దుకాణాలున్నాయి. సందులోకి మళ్లితే గోడౌన్లు. శొంఠి ఘాటు ముక్కులోకి దూరి కళ్లు చెమర్చాయి. మిరియాలు, ఏలకులు, జాజికాయ. ఈ వాసన కోసమే కదా అంతమంది అంత దూరంనుంచి ఓడలేసుకుని వచ్చారు! ఆటోవాళ్లు మాత్రం అడక్కుండానే మసాలాల షాపుకి తోలుకెళ్తారు, గట్టిగా వద్దనాలి.

రాత్రి భోజనంలో యూదుల ఇళ్లలోంచి వచ్చిన చేపల వంట తిన్నాం. చిన్న ఉల్లిపాయలు దట్టంగా వేసి వేయించింది, చుట్టుల్లి మీన్ అంటారు. కొచ్చిలో బతికి వెళ్లిన ప్రతి జాతీ ఒక కూర వదిలి వెళ్లింది. పోర్చుగీసుల వెల్లుల్లి వెనిగర్ ఘాటూ, సిరియన్ క్రైస్తవుల కొబ్బరిపాల ఇష్టూ ఒకే బల్ల మీదికి వచ్చేస్తాయి. ఆవకాయ తెచ్చుకున్నాను సంచిలో. దాని మూత తీయలేదంటే నన్నెరిగినవాళ్లు నమ్మరు.

ఇక రెండో చోటు. కొచ్చినుంచి కుమరకానికి యాభై కిలోమీటర్ల పైచిలుకు. దారిలో వైక్కం. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం 1924లో సత్యాగ్రహం జరిగిన ఊరు. ఆ వీధుల్లోంచే మా కారు వెళ్లింది. తర్వాత వెచ్చూర్, ఆ తర్వాత తణ్ణీర్‌ముక్కం దగ్గర మా ఆయన కారు ఆపించారు.

"అదేమిటో తెలుసా" అన్నారు. తెలియకేం, మన ధవళేశ్వరం తమ్ముడిలా కనబడుతోంది. సరస్సుకి అడ్డంగా కిలోమీటరుకు పైగా పొడవున్న కట్ట, వరసగా షట్టర్లు. 1970ల్లో పూర్తయిందట. ఆయన దిగి అక్కడ పనిచేసే మనిషిని పట్టుకుని తమిళం, ఇంగ్లీషు, చేతి సైగలు కలిపి అరగంట మాట్లాడారు. నేను కొబ్బరిబొండం తాగుతూ కూర్చున్నాను. తిరిగొచ్చిన మనిషి మొహం వెలిగిపోతోంది. డిసెంబరులో షట్టర్లు దింపేస్తారట, సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదన్ని దక్షిణాన వరి పొలాల్లోకి రాకుండా. మళ్లీ వేసవి నడుమ ఎత్తుతారు. దింపితే రైతు బతుకుతాడు. కానీ ఉప్పూ తీపీ కలిసిన నీటిలో పెరిగే చేపా, రొయ్యా, నల్ల గుల్లా తగ్గిపోయి జాలరి నష్టపోతాడు. ఎప్పుడు దింపాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నది ప్రతి ఏడూ తగువేనట. "అచ్చం మన దగ్గరలాగే!" అన్నారు, ఆ తగువు వినడమే సెలవంత సుఖమైనట్టు. ఉప్పు లేనప్పుడు కట్టకి దక్షిణాన గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది. వానాకాలంలో షట్టర్లు తెరిచి ఉన్నప్పుడు ప్రవాహంతో పాటు అది ఉత్తరానికి కొట్టుకుపోయి కొచ్చి రేవుగుండా సముద్రం చేరుతుంది. నా వలలో పడిన గుర్రపుడెక్క ఇక్కడిదన్నమాట!

కోకొనట్ లగూన్ అనే రిసార్టుకి పడవలోనే వెళ్లాలి. ఒడ్డున సామాను ఎక్కించుకుని కాలవలోంచి తీసుకెళ్తారు. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా నీళ్లు, నీళ్ల వెనక నీళ్లు, ఆ వెనక ఆకాశం. అవతలి గట్టు లేదు. కాలవలూ నదీపాయలూ చూసిన కళ్లకి ఇదొక దెబ్బ. మనకి గోదావరి ఎంత వెడల్పున్నా అవతల పాపికొండలో, లంకలో, కొబ్బరి తోపో ఏదో ఒకటి కనబడుతుంది. ఇది తొంభై ఆరు కిలోమీటర్ల పొడవున మూడు జిల్లాలు తాకుతూ పరుచుకుంది. ఆయన పడవవాణ్ణి అడిగారు, ఈ సరస్సులోకి ఏయే నదులు వస్తాయని. మీనచ్చిల్, మణిమల, అచ్చన్‌కోవిల్, మూవాట్టుపుళ అంటూ వరస చెబుతూ "పంబ" అన్నాడు. మా ఆయన నోట మాట లేదు. ఇన్నేళ్లు పంబలో మునిగి కొండెక్కిన మనిషి, ఆ నీళ్లు తర్వాత ఎక్కడికి వెళ్తాయని ఒక్కసారీ అనుకోలేదట. వంగి దోసిలితో తీసి తల మీద చల్లుకున్నారు. పడవవాడు కూడా ఎందుకని అడగలేదు.

గది చూశాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. నడిమధ్య వాన పడే చతురం, చుట్టూ అరుగులు, టేకు స్తంభాలు. మామయ్యలు పంచుకున్నప్పుడు దాన్ని విప్పి, దూలాలు ఒకరికి, తలుపులు ఒకరికి, ద్వారబంధాలు ఒకరికి తూకానికి అమ్మేశారు. కోనసీమలో అలా ఎన్ని ఇళ్లు పోయాయో మీకే తెలుసు. ఇక్కడ అదే పని జరిగింది, కానీ తిరగేసి. కేరళ పల్లెల్లో కూలగొట్టబోతున్న పాత తరవాడు (ఉమ్మడి కుటుంబపు) ఇళ్లు కొని, విప్పి, తెచ్చి, వంశపారంపర్యపు వడ్రంగుల చేత సరస్సు ఒడ్డున మళ్లీ నిలబెట్టించారు. గోడలు కూడా చెక్కే. మేకు లేకుండా చెక్కలో చెక్క దూర్చిన పని. గుమ్మం ఎంత పొట్టిదంటే ఆరడుగుల మా ఆయన మొదటిరోజు నుదురు పగలగొట్టుకున్నారు. స్నానాలగదికి పైకప్పు సగమే, అరటిచెట్టు లోపలే ఉంది, వాన పడితే వాన లోపలే.

ఇప్పుడు కొచ్చిలో మా ఆయన చూసిన ఆ చూపుకి సమాధానం చూడండి. చరిత్ర కోసం ఊళ్లో దిగితే, అక్కడి భవనం పాతకాలం పద్ధతిలో కట్టిన కొత్తది. ప్రకృతి కోసమని సరస్సుకి వస్తే, పడుకునే గదే వందేళ్లు దాటిన ఇల్లు. నేను వెతికిన పాతదనం ఆయన కోరుకున్న చోటే దొరికింది.

పొద్దున్నే గుమ్మం ముందు ఆవు! మేక అనుకున్నాను ముందు. వెచ్చూర్ ఆవట, మేం దాటొచ్చిన ఊరి పేరే. మూడడుగుల ఎత్తు ఉండదు, గడ్డి కోసే యంత్రం బదులు వీటినే మేపుతారు. ఈ జాతి దాదాపు కనుమరుగైపోతుంటే కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో శోశమ్మ ఐప్ అనే పశువైద్య అధ్యాపకురాలు, ఆమె విద్యార్థులు 1980ల చివర ఊరూరా వెతికి మిగిలిన కొద్ది ఆవులనీ కూడగట్టారు. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మన చిత్తూరు వైపు పుంగనూరు ఆవుదీ ఇదే కథ. మన పొట్టి ఆవుని నేను టీవీలో తప్ప చూడలేదు, వాళ్లది నా చీర కొంగు నమిలింది.

ఇక నాకు అసలు మతిపోగొట్టింది పడవలో దక్షిణంగా వెళ్లినప్పుడు. గట్టు పక్కగా వెళ్తున్నాం. గట్టుకి ఇటు సరస్సు. పడవలో లేచి నిలబడి గట్టు అవతలికి చూశాను. పొలాలు కింద ఉన్నాయి! నేను కూర్చున్న నీళ్ల మట్టానికి కింద, మనిషెత్తు లోతున. కుట్టనాడ్ వరి పొలాలు ఇవి, సముద్రమట్టానికి ఒకటి నుంచి మూడు మీటర్ల దిగువన ఉంటాయి. సరస్సు అడుగునుంచి బురద తవ్వి, కొబ్బరి మొద్దులు, వెదుళ్లు పాతి గట్టు కట్టి, లోపలి నీళ్లు తోడి పొలం చేశారు. మురిక్కన్ అనే భూస్వామి 1940ల్లో చిత్తిర, మార్తాండం అని రాజకుటుంబం పేర్లు పెట్టి సరస్సులోనే వందల ఎకరాలు లేపాడు. ఆ బురదలో మునిగి తవ్వినవాళ్ల పేర్లు ఏ పొలానికీ పెట్టలేదు.

మా ఆయన పరిస్థితి చెప్పనలవి కాదు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన పని పొలంలోకి నీళ్లు పంపడం. శివారు భూములకి నీళ్లందలేదని రైతులు ఆఫీసు ముందు కూర్చుంటారు. ఇక్కడ పొలంలోంచి నీళ్లు బయటికి పంపడమే వ్యవసాయం! దసరా నాటికి ఆ తోడడం మొదలవుతుంది. ఒక గట్టు దగ్గర దడదడా చప్పుడు. చెక్కలతో చేసిన పెద్ద పీపా లాంటిది నిలువుగా నీళ్లలో ఉంది. దానిలో మోటారుతో రెక్కలు తిరుగుతున్నాయి. పీపాలోంచి ఎగదన్నిన నీళ్లు పైన అడ్డంగా పెట్టిన చెక్క పెట్టెలోంచి గట్టు దాటి భళ్లున సరస్సులో పడుతున్నాయి. పెట్టి–పర అంటారు దాన్ని. పూర్వం మనుషులు వరసగా కూర్చుని చక్రాలు తొక్కి తోడేవారు. ఆ కష్టం తప్పించిన ఈ పంపుని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రూపొందించింది ఎవరో తెలుసా? జార్జ్ బ్రంటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. బ్రంటన్! కొచ్చిలో మా హోటలు పేరు! ఆ పేరు వినగానే నేను పడవలో గంతేశాను, పడవవాడు "కూర్చోండి చేచీ" అని కేకేశాడు.

అప్పుడు అంతా ఒక్కసారి కలిసింది. 1341లో పెరియార్‌కి వచ్చిన పెద్ద వరదతో పాత ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర నోరు తెరుచుకుందని చెబుతారు. ఆ నోటికి వెనక ఉన్న కడుపే ఈ సరస్సు. ఇక్కడి వరి, పీచు, కొండల్లోంచి నదుల మీద దిగిన మిరియాలు, అన్నీ కెట్టువళ్ళం పడవల్లో కొచ్చికి చేరేవి. ఇప్పుడు హౌస్‌బోటు అని మనకి అద్దెకిస్తున్నది ఆ సరుకు పడవనే. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టినది. లారీలొచ్చి పని పోయాక వాటి మీద గదులు కట్టారు. ఊరూ సరస్సూ అని విడదీసి పేచీ పెట్టుకున్న మేమిద్దరం, ఒకే నీటి చివరా మొదలూ పట్టుకుని పోట్లాడామన్నమాట.

కొన్ని సంగతులు గబగబా చెప్పేస్తాను. 2000 డిసెంబరు చివర వాజ్‌పేయి ప్రధానిగా ఉండగా కుమరకంలోనే విశ్రాంతి తీసుకున్నారు, అప్పటినుంచే ఈ ఊరు దేశమంతా మోగింది. అరుంధతీ రాయ్ నవల చదివినవాళ్లు బేకర్ బంగళా చూడ్డానికి వస్తారు, అదీ ఇప్పుడు హోటలే. పక్షుల కేంద్రంలో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కొమ్మకొకటి. మన కొల్లేరూ ఈ వెంబనాడూ 2002లోనే రాంసర్ జాబితాలోకి ఎక్కాయి. కొల్లేటిని మనం చేపల చెరువులుగా కోసుకున్నాం, వీళ్లు తమ సరస్సుని పొలాలుగా, ఆపై రిసార్టులుగా కోసుకున్నారు. హౌస్‌బోట్ల డీజిలు పొర నీటి మీద రంగులు తేలుతూ కనబడుతుంది, చూడనట్టు ఉండలేం. అద్దెకి తీసుకుంటే గడకర్రతో తోసే చిన్న పడవే తీసుకోండి. ఇరుకు కాలవల్లోకి అదే వెళ్తుంది.

కరిమీన్ పొళ్ళిచ్చదు గురించి చెప్పకపోతే పాపం. చేపకి మసాలా పట్టించి, అరటాకులో చుట్టి, పెనం మీద కాలుస్తారు. ఆకు విప్పగానే వచ్చే ఆవిరికే సగం కడుపు నిండుతుంది. పులసకి దండం పెట్టి చెబుతున్నాను, ఇది వేరే లోకం. మా ఆయన ఒప్పుకోలేదు. గోదావరి మీద ద్రోహం అన్నారు, అని రెండోది తెప్పించుకున్నారు. కూరల్లో చింతపండుకి బదులు పొగలో ఆరబెట్టిన కుడంపుళి వేస్తారు. ఆ పులుపులో పొగ వాసన ఉంటుంది, అలవాటు పడటానికి రెండు పూటలు పడుతుంది.

సరే, ఏది? అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకీ, కొత్తగా పెళ్లయినవాళ్లకీ, ఒళ్లు అలిసి వచ్చినవాళ్లకీ సరస్సే. మధ్యాహ్నం వాన అవతలినుంచి నీళ్ల మీద నడుచుకుంటూ రావడం అరుగు మీద కూర్చుని చూడొచ్చు. మన స్నానాలగదిలో పడే దాకా లెక్కపెట్టొచ్చు. కానీ ఒకసారి లోపలికి వెళ్లాక తిండీ, పడవా, టీ అన్నీ అక్కడి ధరకే. ఏ రిసార్టయినా అంతే, బయటికి వెళ్లి ఇడ్లీ తినే వీలుండదు. సాయంత్రం దోమలు. ఊళ్లో అయితే గదికి ఎంత పోసినా, గేటు దాటి చిల్లర డబ్బులతో పుట్టు, కడల తినొచ్చు, పంటు ఎక్కి వైపిన్ వెళ్లి రావొచ్చు, నీళ్ల మెట్రోలో రేవంతా తిరగొచ్చు. ఉక్కపోత ఉంది, ఓడల కూత నిద్ర లేపుతుంది, సాయంత్రం వలల దగ్గర మనిషి మీద మనిషి.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఫోర్ట్ కొచ్చి అంటాను. ముందు ఆ నోరు చూడకుండా సరస్సుకి వెళ్తే, అది అందమైన నీళ్లుగానే ఉండిపోతుంది. కొచ్చి చూశాక వెళ్తే ప్రతి పడవా, ప్రతి గట్టూ ఎటు పోతుందో, ఎందుకుందో తెలుస్తుంది. మా ఆయన ఇప్పటికీ సరస్సే అంటున్నారు. ఆ నీళ్లు తోడడం మళ్లీ చూడాలట, ఈసారి ఆఫీసు మిత్రులతో.

మొన్న మా వదిన ఫోన్ చేసింది, సంక్రాంతి తర్వాత వెళ్తున్నాం, ఏది బుక్ చేయమంటావని. "ముందు కొచ్చి, తర్వాత కుమరకం వదినా, తిరగెయ్యకు. నీళ్ల వైపు గది అడుగు, డబ్బు ఎక్కువైనా సరే. శుక్రవారం మధ్యాహ్నం, శనివారం మాత్రం యూదుల వీధికి పెట్టుకోకు, సినగాగ్ మూసేస్తారు. అన్నయ్యని గుమ్మాల దగ్గర తల వంచుకోమను."